మాట్లాడినవాళ్ల పేర్లు

తరగతిలో టీచరు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించడం మా బళ్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. బోర్డుకు కుడిపక్కన పైనుంచి కిందికి ఒక గీత గీస్తారు. ఆ గీతకు అవతల లీడరు పేర్లు రాస్తుంది. ఒకసారి మాట్లాడితే పేరు. రెండోసారి మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కు. మూడోసారికి ఇంకో ఇంటూ. టీచరు వచ్చి ఇంటూలు చూసి శిక్ష వేస్తుంది. దీన్ని ఎవరు కనిపెట్టారో తెలియదు. ఏ శిక్షణ తరగతిలోనూ మాకు చెప్పలేదు. అయినా ప్రతి టీచరుకూ ఇది వచ్చు.

కోయిలకుంట్లలో చదువుకునేటప్పుడు ఆరు నుంచి పది దాకా లీడర్ని నేనే. సుద్దముక్క చేతికొస్తే నా కాళ్లు నేలమీద ఆగేవి కావు. మా పెద్దనాన్న కొడుకు పేరు కూడా మొహమాటం లేకుండా రాసేశాను. వాడు నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. మా లెక్కల సారు మాత్రం "ఈ పాప ఉంటే నేను నిమ్మళంగా టీ తాగొస్తానప్పా" అని అందరితో చెప్పేవాడు. ఆ మాట తలచుకుని ఎన్ని రోజులు మురిసిపోయానో! సారు టీ తాగి రావడానికి అయిదు నిమిషాలు పట్టేదన్న సంగతి నేను తర్వాత ఎప్పుడూ గుర్తు చేసుకోలేదు. గుర్తు చేసుకుని ఉంటే బాగుండేది.

ఇప్పుడు నేనే లెక్కల టీచర్ని. కాపురం కడపలో, ఉద్యోగం కమలాపురం దగ్గర ఒక ఊరి హైస్కూల్లో. పొద్దున బస్సెక్కి పోతాను, సాయంత్రం బస్సెక్కి వస్తాను. ఈ మధ్యలో నేను చేసే పనిలో లెక్కలు చెప్పడం ఒక భాగం, అంతే. స్టాఫులో వయసులో చిన్నదాన్ని, ఫోను బాగా వాడతానని పేరు తెచ్చుకున్నదాన్ని. అందుకని యాప్ పనులన్నీ నా నెత్తిన పడ్డాయి. మరుగుదొడ్లు కడగకముందు ఒక ఫోటో, కడిగాక ఒక ఫోటో. పిల్లలు అన్నం తింటున్నట్టు ఫోటో. గుడ్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఉడికాయి. ఇవన్నీ మధ్యాహ్నం అన్నం బెల్లు అయ్యాక పంపాలి. సిగ్నలు గేటు దగ్గర నీళ్లతొట్టి పక్కన తప్ప బడిలో ఇంకెక్కడా రాదు. అన్నం తర్వాత మొదటి పీరియడ్ నాకు టెన్త్ క్లాసులో. నేను తొట్టి పక్కన ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడి ఉంటే, క్లాసులో రాజ్యం వెనకబెంచీలది.

ఆ ఏడాది టెన్త్ గురించి చెప్పాలి. అల్లరి పిల్లలను చాలామందిని చూశాను. కానీ ఈ వెనకబెంచీ ఒక కొత్త విద్య నేర్చుకుంది. నోరు మూసుకుని గొంతులోంచి "ఊఁ" అని ఒక రాగం తీసేవాళ్లు. పెదాలు కదలవు. మొహాలు చూస్తే శ్రద్ధగా బోర్డు వైపే చూస్తుంటారు. ఒకడు ఆపితే ఇంకొకడు అందుకుంటాడు. గదంతా ఒకటే రొద. ఎవరని పట్టుకుంటాం? తిడితే నిమిషం ఆగుతుంది, బోర్డు వైపు తిరగగానే మళ్లీ మొదలు. కర్ర పట్టుకోకూడదని ఉత్తర్వు. కర్ర కావాలని నేను అనను. కానీ కర్ర తీసేసినవాళ్లు దాని బదులు ఏమైనా చేతికిచ్చారా అంటే, ఫోను ఇచ్చారు.

ఆ రాగానికి పెద్ద, ఊళ్లో తోటలూ మోటార్లూ ఉన్న ఒక పెద్దాయన మనవడు. పొడుగ్గా, నవ్వుమొహంతో ఉండేవాడు. చెడ్డవాడని చెప్పలేను. వాడికి బడిలో చేయడానికి ఏమీ లేదు. ఏడో తరగతి నుంచి భిన్నాలు రావు. రానివాడు మూడేళ్లు కదలకుండా కూర్చోవాలంటే ఎట్లా? రాగం తీశాడు. అది నాకు ఇప్పుడు తెలుస్తున్న మాట. అప్పుడు మాత్రం మొక్కై వంగనిది మానై వంగునా అనుకుని, వాడిని ఎట్లాగైనా వంచాలనే చూశాను.

ముందుబెంచీలో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒళ్లంతా రాతిపొడితో, బూడిదరంగు కనురెప్పలతో సైకిల్ మీద పోతుంటే చూసేదాన్ని. అమ్మ ఇంట్లో మిషను కుట్టేది. ఈ పిల్లకు లెక్కలంటే ఆకలి. నేను ఇచ్చినవి అయిపోతే "మేడమ్, ఇంకోటి ఈండి" అని అడిగేది. ఇన్నేళ్ల సర్వీసులో నన్ను అట్లా అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకసారి నోటుపుస్తకం చూస్తే అందులో లెక్కలు తక్కువ ఉన్నాయి. "మిగతావి ఎక్కడ చేశావే?" అన్నాను.

"బండ మింద మేడమ్" అంది. "మా నాయన ఫ్యాక్టరీ నుంచి ఒగ నల్లబండ తెచ్చినాడు. మూల ఇరిగిందని పారేస్తాంటే అడుక్కోని తెచ్చినాడు. గోడకు ఆనిచ్చి దాని మింద సుద్దతో చేస్తా. తుడిచేసి మళ్ల చేస్తా."

వాళ్లమ్మ ఒకసారి బడికొచ్చి నాతో మాట్లాడింది. తలమీది కొంగు సవరించుకుంటూ, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "ట్రిపుల్ ఐటీ సీటొస్తే హాస్టల్‌కి పంపిస్తానని వాళ్ల నాయన మాటిచ్చినాడు మేడమ్. రాకపోతే ఇంట్లోనే కూసోవాల. మా వాళ్లల్లో ఎవురూ పదికి మించి పోలేదు. సీటు వస్తాదా మేడమ్?"

మొదటి పరీక్షలో ఆ పిల్లకు లెక్కల్లో తొంభై ఆరు. మిగతావాటిలోనూ తొంభైకి తగ్గలేదు. "రాకపోవడమేంది? కళ్లు మూసుకుని వస్తుంది" అన్నాను. ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ చేతిలో పెట్టినాం మేడమ్" అంది.

అదే నెలలో నేను ఆ పిల్లను లీడర్ని చేశాను.

అంతకుముందున్న లీడరు ఒక పిరికి పిల్లవాడు. రెండుసార్లు పేర్లు రాసి, బడి బయట తన్నులు తిని, నాకొద్దని ఏడ్చాడు. నాకు ఎవరికీ భయపడని మనిషి కావాలి, చెవులు పనిచేసే మనిషి కావాలి. ఈ పిల్లకు ఆ రాగం ఏ బెంచీ నుంచి, ఎవరి గొంతు నుంచి వస్తుందో చెప్పగలిగే చెవి ఉంది. ఒకరోజు తలెత్తకుండా లెక్క చేసుకుంటూనే, "ఇప్పుడు ఆయప్ప ఆపినాడు, పక్కనాయప్ప తీస్తాండాడు" అని నవ్వుతూ పక్కపిల్లతో చెప్పడం విన్నాను. దొరికిందిలే అనుకున్నాను.

సుద్దముక్క ఇస్తే తీసుకోలేదు. "నాకొద్దు మేడమ్. నిలబడుకోని అందర్నీ సూస్తా ఉంటే నేను లెక్కలు యాడ చేసుకునేది?"

"పది నిమిషాలే కదా. లీడరంటే గౌరవం. నేను కూడా లీడర్నే చదువుకునేటప్పుడు. చూడు, ఇప్పుడు టీచర్నయినా."

నా మాట కాదనలేక తీసుకుంది. నోటుపుస్తకం మూసి, బోర్డు పక్కన, క్లాసు వైపు తిరిగి నిలబడింది.

ఆ రోజు నుంచి క్లాసు మారిపోయింది. నిజం చెప్పాలి, నాకు ప్రాణం లేచొచ్చింది. తొట్టి దగ్గర నుంచి తిరిగొస్తే గది నిశ్శబ్దం. గీతకు అవతల చక్కటి అక్షరాలతో పేర్లు, ఇంటూలు. రాగం తీసినవాళ్లు తప్పించుకోలేకపోయారు. మూడు ఇంటూలకు ఒక గంట వరండాలో నిలబడటం శిక్ష. పెద్దాయన మనవడు వారంలో నాలుగు రోజులు వరండాలోనే ఉన్నాడు. హెడ్మాస్టరు ఆ దారిన పోతూ ఆగి, "మీ క్లాసులో మనుషులున్నారా మేడమ్, సూది పడినా వినిపిస్తాంది" అన్నాడు. నేను పొంగిపోయాను. అది చూసి మిగతా టీచర్లు కూడా నేర్చుకున్నారు. సోషల్ సారుకు రిజిస్టర్లు రాసే పని ఉంటే ఆ పిల్లను నిలబెట్టేవాడు. హిందీ మేడమ్‌కు ఒంట్లో బాగుండకపోతే ఆ పిల్లను నిలబెట్టేది. ఎవరైనా సెలవు పెడితే పీరియడ్ పీరియడంతా ఆ పిల్లదే. నా పది నిమిషాలు కూడా సిగ్నలు దయను బట్టి ముప్పై అయ్యేవి.

వీటన్నిటినీ కూడితే ఆ పిల్ల రోజుకు ఎంతసేపు పుస్తకం మూసి నిలబడుతోందో తెలిసేది. లెక్కల టీచర్నయి ఉండీ ఆ కూడిక నేను చేయలేదు.

నెల తిరక్కముందే పెద్దాయన బడికొచ్చాడు. తెల్లపంచె, తెల్లచొక్కా, చేతిలో కారు తాళాలు. హెడ్మాస్టరు గదిలో కూర్చుని నన్ను పిలిపించాడు. కోపంగా మాట్లాడలేదు. కోపంగా మాట్లాడి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని.

"ఏమ్మా టీచరమ్మా, మా వానికి సదువు రాదు, నాకు తెలుసు. వాన్ని నువ్వు తిట్టు, నాలుగు తన్నినా నేనేమన్నా అంటానా? గానీ ఒగ ఆడపిల్లతో వాని పేరు దినామూ బోర్డు మింద రాయిస్తే ఎట్లమ్మా? ఊళ్లో అందరూ నవ్వుతాండారు. బడికి బోరు ఏయించింది నేను, గోడ కట్టించింది నేను. ఈడ మా వాని పేరు ఆ పక్కన రాయాల్నా?"

హెడ్మాస్టరు నా వైపు చూడకుండా పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు. పెద్దాయన పోయాక, "సర్దుకోండి మేడమ్, ఇంకెన్ని నెల్లు, మార్చి దాకానే కదా" అన్నాడు.

సర్దుకున్నాను. అప్పుడు నేను చేయాల్సింది ఆ గీతను మొత్తం చెరిపేయడం. అట్లా చేస్తే క్లాసు మళ్లీ చేజారుతుందని భయం. అందుకని తెలివిగా ఇంకో పని చేశాను. ఆ పిల్లను పక్కకు పిలిచి, "వాడి పేరు ఒక్కటీ వదిలెయ్. మిగతావాళ్లవి రాయి" అన్నాను.

నా మొహంలోకి చూసింది. "ముందు మొదలుపెట్టేదే ఆయప్ప కదా మేడమ్?"

"చెప్పింది చెయ్" అన్నాను. ఆ గొంతు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. నాది కాదని చెప్పుకోవాలనిపిస్తుంది, కానీ నాదే.

తర్వాత ఏం జరుగుతుందో పసిపిల్లలైనా చెప్పగలరు. వాడు నోరు తెరిచే పాడటం మొదలుపెట్టాడు. వాడి పేరు బోర్డు మీదికి ఎక్కలేదు. పక్కవాడు దగ్గినా పేరెక్కింది. "వాండ్లకు తోటలుండాయి, వాని పేరు రాయవు. మావి రాస్తావా?" అని మగపిల్లలు తగులుకున్నారు. ఆడపిల్లలు కూడా ఆ పిల్లతో కలిసి అన్నం తినడం మానేశారు. ఒకరోజు ఆమె లెక్కల నోటుపుస్తకం కనిపించకుండా పోయింది. రెండు రోజుల తర్వాత నీళ్లతొట్టిలో దొరికింది, అక్షరాలన్నీ కరిగిపోయి. నేను ఎవరు చేశారని గంటసేపు క్లాసును నిలదీశాను. ఎవరో తేలలేదు. నేను కొత్త నోటుపుస్తకం కొనిచ్చి నా బాధ్యత తీరిందనుకున్నాను.

ఆ తర్వాత బోర్డు మీద పేర్లు రావడం ఆగిపోయింది. తొట్టి దగ్గర నుంచి వస్తుంటే వరండా చివరికే గోల వినిపిస్తోంది. లోపలికొస్తే గీతకు అవతల ఖాళీ. ఆ పిల్ల సుద్దముక్క పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఎవరూ మాట్లాడలేదా?"

"లేదు మేడమ్."

మరుసటి రోజూ అంతే. మూడో రోజు నాకు ఒళ్లు మండింది. పొద్దుననుంచి యాప్ తెరుచుకోక, పైనుంచి ఫోన్లు, తలనొప్పి. "అబద్ధాలు కూడా నేర్చినావా? రేపు నేనొచ్చేసరికి బోర్డు మీద పేరు లేకపోతే ఊరుకునేది లేదు" అని అందరి ముందు అరిచాను.

మరుసటి రోజు వచ్చేసరికి బోర్డు మీద ఒక్క పేరు ఉంది. ఆ పిల్లదే. ఇంటిపేరుతో సహా పూర్తిగా, గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. పక్కన మూడు ఇంటూలు.

అందరూ నన్నే చూస్తున్నారు. ఆ పిల్ల మాత్రం కిటికీ వైపు చూస్తోంది. ఆ నిమిషంలో నాకు అర్థమైంది. అంత స్పష్టంగా రాస్తే అర్థం కాకపోవడానికి నేనేం మూర్ఖురాలిని కాదు. అయినా నలభై మంది ముందు ఒక పిల్ల నన్ను ఎదిరించిందన్న ఉక్రోషం ముందుకొచ్చింది.

"మూడు ఇంటూలకు శిక్ష ఏందో తెలుసు కదా. బయట నిలబడు" అన్నాను.

వెనకబెంచీలో పెద్దాయన మనవడు లేచి నిలబడ్డాడు. వాడు తనంతట తాను లేవడం అదే మొదటిసారి. "మేడమ్, ఆ పాప ఏం మాట్లాళ్లేదు మేడమ్. వట్టిగే రాసుకునింది. మాట్లాడింది నేను."

"నువ్వు నోరు మూసుకుని కూర్చో" అన్నాను.

సుద్దముక్కను నా బల్ల మీద పెట్టి, ఆ పిల్ల బయటికి పోయి నిలబడింది. ఎండ వరండా సగం దాకా వచ్చి ఉంది. నీళ్లకు పోతున్న ఆరో తరగతి పిల్లలు ఆగి చూశారు. టెన్త్ ఫస్టు వచ్చే అక్కను బయట నిలబెట్టడం వాళ్లు ఎప్పుడూ చూడలేదు. నేను లోపల త్రికోణమితి చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలియదు. ఆ గంటలో క్లాసులో ఒక్కరూ రాగం తీయలేదు.

మరుసటి రోజు ఆ పిల్ల ముందుబెంచీలో కూర్చోలేదు. వెనకనుంచి రెండో బెంచీలో, గోడ పక్కన కూర్చుంది. లీడరుగా ఇంకొకరిని పెట్టాను. "ముందుకు రా" అని నెమ్మదిగా చెప్పాను. "ఈడ బాగుండాది మేడమ్" అంది. వారం రోజుల తర్వాత స్టాఫ్‌రూముకు పిలిచి, తప్పు నాదేనని చెప్పాను. నిజంగానే చెప్పాను, చేతులు పట్టుకుని చెప్పాను. "పర్వాలేదు మేడమ్" అంది. ఆ "పర్వాలేదు" తర్వాత నేను ఎన్నిసార్లు లోపలికి పోవాలని చూసినా తలుపు తెరుచుకోలేదు. "ఇంకోటి ఈండి" అని మళ్లీ అడగలేదు.

అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కల్లో డెబ్బై ఒకటి. ప్రీ ఫైనల్లో యాభై ఎనిమిది. మిగతావీ అట్లే జారాయి. వాళ్లమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏమైంది మేడమ్ దీనికి? ఇంటికొస్తే బండ ముట్టుకోదు. పుస్తకం తీస్తే తలకాయ నొస్తాందంటాది. సెవుల్లో ఊఁ అని ఒకటే వినిపిస్తాందంట. డాక్టర్‌కు సూపించినాం, సెవులు బాగానే ఉండాయన్నాడు. యాడన్నా గాలి సోకిందేమోనని దర్గాలో తాయెత్తు కూడా కట్టించినాం."

ఆ తల్లికి నేను జరిగింది చెప్పాలి. చెప్పలేదు. "పరీక్షల భయం అమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను. సాయంత్రాలు బస్సు వదులుకుని ఆ పిల్లను కూర్చోబెట్టి చెప్పాను. తల ఊపేది. చెప్పిన లెక్క చేసేది. చెప్పనిది ముట్టుకునేది కాదు. నేను ఆమెకు లెక్కలు నేర్పలేదని అప్పుడు తెలిసింది. అవి ఆమె తనంతట తాను చేసుకునేది. నేను చేసిందల్లా అడ్డు రావడమే.

ఫలితాలొచ్చాయి. పాసైంది. సీటు రావడానికి కావలసిన మార్కులకు చాలా దూరంలో ఆగిపోయింది. పెద్దాయన మనవడు సంక్రాంతి సెలవుల నుంచే కడపలో ఎక్కడో ట్యూషన్‌లో చేరి, బట్టీ పట్టి, ఆ పిల్ల కంటే నాలుగు మార్కులు ఎక్కువే తెచ్చుకున్నాడు. వాడిని చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వాడు నాకు స్వీట్లు తెచ్చిచ్చి, "మేడమ్, ఆ పాపకు ఎన్నొచ్చినాయి?" అని అడిగాడు. చెప్తే తలవంచుకుని పోయాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు వాళ్లింటికి పోయాను. ఇంటర్‌లో అయినా చేర్పించమని అడగడానికి. వాళ్ల నాన్న మంచం వాల్చి కూర్చోమన్నాడు. నా మాటలు మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మాటంటే మాటే కదా మేడమ్" అన్నాడు చివరికి. "సీటొస్తే పంపిస్తానంటి. రాలేదు. అది గూడా ఒగ మాట అడగలేదు. అడిగింటే ఏమో. నాకూ పంపాలనే ఉండె."

ఆ పిల్ల ఇంటి ముందు కొళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది. నన్ను చూసి లేచి నవ్వి, చేతులు తుడుచుకుని నీళ్లు తెచ్చిచ్చింది. ఆమె లేచాక చూశాను. ఉతుకుడు బండగా వేసింది ఆ నల్లరాయే. ఒక మూల విరిగి ఉంది. దాని మీద సబ్బునురగ కారుతోంది. నీళ్లు తాగి గ్లాసిచ్చి వచ్చేశాను.

తర్వాతి ఏడాది నేను లీడర్ని పెట్టలేదు. బోర్డు మీద గీత గీయలేదు. పిల్లలను పిల్లలతో కాపలా కాయించకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఫోటోలు తీయడానికి పోనని హెడ్మాస్టరుతో చెప్పాను. "అయితే మీరే పైవాళ్లకు సమాధానం చెప్పుకోండి" అన్నాడు. నెలరోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం తప్పక పోవలసి వచ్చి పది నిమిషాలు తొట్టి దగ్గరికి పోయాను. ఎవడో ఎవడి మీదికో వృత్తలేఖిని విసిరాడు. దాని ముల్లు ఒక పిల్లవాడి కనుబొమ్మ మీద దిగింది. కన్ను పోలేదు, అంతే అదృష్టం. నాకు మెమోలు వచ్చాయి. తరగతిని పర్యవేక్షణ లేకుండా వదిలినందుకు ఒకటి, ఫోటోలు ఆలస్యమైనందుకు ఇంకొకటి. రెండూ ఒకే వారంలో, ఒకే ఆఫీసు నుంచి. ఏం చేసినా తప్పే అయిన చోట ఒట్లు ఎంతకాలం నిలుస్తాయి?

నా కూతురు కడపలో ఒక ప్రైవేటు బడిలో యూకేజీ. అవును, గవర్నమెంటు టీచర్నే, నా బిడ్డను ప్రైవేటులో వేశాను. నన్ను తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి, నేనూ తిట్టుకుంటూనే ఉన్నాను. ఈ మధ్య ఒకరోజు ఇంట్లో అన్నం తింటూ మా పాప గొప్పగా చెప్పింది. "మా క్లాసులో కొత్త మిస్ వచ్చింది. మాట్లాడితే బోర్డు మీద పేరు రాస్తుంది. నా పేరు ఒక్కసారి కూడా రాయలేదు తెలుసా?"

శనివారం తల్లిదండ్రుల సమావేశానికి పోతే ఆ మిస్ ఎదురుగా వచ్చింది. చిన్న ప్రాణం, నీలం చీర, చేతిలో సుద్దముక్క. వెంటనే గుర్తుపట్టాను. పాలిష్ ఫ్యాక్టరీ పని మానేసి వాళ్ల నాన్న కడపలో బండలు కోసే చోట చేరాడట. అందరూ ఇక్కడికే వచ్చేశారట. ఈ బడిలో పేరుకు మిస్, పనికి ఆయా.

"ఇంటర్ కట్టొచ్చు కదా, ప్రైవేటుగా?" అన్నాను. ఇంకేం అనాలో తెలియక.

"ఇప్పుడెందుకు లే మేడమ్" అంది మామూలుగా. "పాఠం నేను చెప్పను. పెద్ద మిస్ వచ్చేదాకా సప్పుడు కాకుండా సూసుకోవాల, అంతే నా పని. నన్ను పనిలో పెట్టుకునేటప్పుడు నీకు ఏమొస్తాది అని అడిగినారు. క్లాసును మాట్లాడనీకుండా పెడతానని సెప్పినా. మీరు నేర్పిచ్చిందే కదా మేడమ్."

ఎత్తిపొడుపేమోనని మొహం చూశాను. కాదు. నిజంగానే నాకు రుణపడి ఉన్నట్టు చెప్పింది. ఎత్తిపొడిచి ఉంటే నాకు కొంచెం ఊరటగా ఉండేది. మా పాప ఆమె చేయి పట్టుకుని ఊగుతోంది. నేను వంగి మా పాప షూ లేసు కట్టాను, అది ఊడిపోకపోయినా.

సోమవారం బడికి పోయాను. అన్నం బెల్లు అయింది. టెన్త్ క్లాసులోకి అడుగుపెట్టగానే ఫోను మోగింది. గుడ్ల ఫోటో రాలేదని. వెనకబెంచీ నుంచి సన్నగా రాగం మొదలైంది. అన్నల నుంచి తమ్ముళ్లకు అది దిగినట్టుంది, చదువు దిగకపోయినా. ముందుబెంచీలో ఒక అమ్మాయి తలెత్తకుండా లెక్క చేసుకుంటోంది. నేను తన వైపు చూస్తున్నానని తెలిసి ఇంకా వంగింది, పుస్తకంలో దాక్కోవాలన్నట్టు.

కనుబొమ్మ మీద కుట్లున్న పిల్లవాడు గుర్తొచ్చాడు. మెమోలు గుర్తొచ్చాయి. నీలం చీర కూడా గుర్తొచ్చింది. మర్చిపోయి చేశానని చెప్పుకోవడానికి లేదు. బోర్డుకు కుడిపక్కన పైనుంచి కిందికి గీత గీశాను. సుద్దముక్క తీసుకుపోయి ఆ పిల్ల ముందు పెట్టాను.

"ఎంతసేపు మేడమ్?" అంది.

"పది నిమిషాలే" అన్నాను.

సగంలో ఉన్న లెక్కను అట్లే వదిలేసి, నోటుపుస్తకం మూసి, ఆ పిల్ల లేచి క్లాసు వైపు తిరిగి నిలబడింది.